సీసా మెడలో మేఘం

బండి దగ్గర గోలీసోడా కొట్టగానే సీసా మెడలో తెల్లటి పొగ ఒకటి లేచి, చూస్తుండగానే మాయమవుతుంది. చిన్నప్పుడు అది గ్యాసే అనుకునేవాణ్ణి. కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు. ఆ తెలుపంతా సన్నని నీటి తుంపరలది. లోపల అణిగి ఉన్న వాయువు దారి దొరకగానే బయటి గాలిని నెట్టుకుంటూ వ్యాకోచిస్తుంది. బయటి వేడి వచ్చి చేరేంత వ్యవధి ఉండదు కనుక, ఆ నెట్టడానికి కావలసిన శక్తిని తన అణువుల చలనం నుంచే ఖర్చు పెట్టి చల్లబడుతుంది. ఆ చలికి అందులోని నీటి ఆవిరి బిందువులుగా మారుతుంది.

మొన్న ఆదివారం మా అమ్మాయికి ఇదే చూపించబోయాను. ప్లాస్టిక్ సీసాలో చెంచాడు గోరువెచ్చని నీళ్లు పోసి, మూత బిగించి, గట్టిగా నొక్కి వదిలితే చెప్పుకోదగ్గ పొగమంచేమీ కనబడలేదు. మూత తీసి కాస్త అగరుబత్తి పొగ పట్టి మళ్లీ నొక్కి వదిలేసరికి సీసా పాలలా తెల్లబడింది; నొక్కితే తేటపడింది, వదిలితే మళ్లీ తెల్లబడింది. "నొక్కితే కదా రావాలి, వదిలితే వస్తోందేంటి నాన్నా?" అంది. సరైన ప్రశ్నే: నొక్కినప్పుడు గాలి వేడెక్కుతుంది, వదిలినప్పుడే చల్లబడుతుంది.

నాకు మాత్రం ఆ అగరుబత్తి పొగే అసలు విషయంగా తోస్తుంది. చల్లబడినంత మాత్రాన ఆవిరి బిందువు కాదు, పట్టుకుని కూర్చోవడానికి దానికి ఒక రేణువు కావాలి. 1894లో స్కాట్లండ్‌లోని బెన్ నెవిస్ శిఖరం మీద మేఘాల్లో వెలుగు వలయాలు చూసి ముగ్ధుడైన భౌతిక శాస్త్రవేత్త సి.టి.ఆర్. విల్సన్, వాటిని కేంబ్రిడ్జిలో గాజుపాత్రలో పుట్టించబోయి, ధూళి పూర్తిగా తీసేసిన గాలిలో ఏం జరుగుతుందో పరిశీలించాడు. ఘనపరిమాణం ఒక్కసారిగా 1.25 రెట్లయ్యేదాకా, అంటే 20 డిగ్రీల గాలి సుమారు మైనస్ 5కు పడిపోయేదాకా, ఒక్క చుక్క కూడా ఏర్పడలేదు. ఆ హద్దు దాటితే కొన్ని చుక్కలు రాలాయి, 1.38 దాటితే దట్టమైన మంచు కమ్మింది. 1896లో ఎక్స్ కిరణాలు ప్రసరింపజేస్తే 1.25 దగ్గరే మంచు దట్టమైంది: ధూళి లేనిచోట ఆవిరి, ఆ కిరణాలు గాలిలో పుట్టించిన అయాన్ల మీద, అంటే విద్యుదావేశం ఉన్న అణువుల మీద, కూర్చుందన్న మాట.

అయాన్ల మీద చుక్కలు కడితే, విద్యుదావేశం ఉన్న ఒక సూక్ష్మ కణం గాలిలో దూసుకుపోతూ వదిలిన అయాన్ల వరుస మీద కూడా కట్టాలి కదా. 1911లో విల్సన్ ఆ తెల్లని గీతలను ఫొటో తీశాడు. 1932లో భౌతిక శాస్త్రవేత్త కార్ల్ ఆండర్సన్‌కు పాజిట్రాన్ (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ జోడీ కణం) దొరికింది కూడా ఇలాంటి గాజు పేటికలోని గీతగానే.