‘నుంచి’ అన్న మాట దగ్గర ఆగిపోయిన నా ఇంటర్వ్యూ

నిన్న సాయంత్రం సెలెక్ట్ అయినట్టు మెయిల్ వచ్చింది. ఇది రెండో ప్రయత్నం. మొదటిసారి నన్ను ముంచింది ఒకే ఒక్క వాక్యం, అందుకే వెంటనే రాస్తున్నాను.

రాత పరీక్ష, గ్రూప్ డిస్కషన్ తేలిగ్గానే అయిపోయాయి. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న, ఇప్పటి ఉద్యోగంలో ఎన్నాళ్లుగా ఉన్నారని. ‘ఆరేళ్ల నుంచి చేస్తున్నాను’ అని మనసులో అనుకుని, ‘ఐ యామ్ వర్కింగ్ దేర్ సిన్స్ సిక్స్ ఇయర్స్’ అన్నాను. ఎదురుగా ఉన్న ముగ్గురిలో ఒకాయన ఆ వాక్యాన్ని నా యాసలోనే తిరిగి పలికి, పక్కాయన వైపు చూసి నవ్వాడు. కంగారులో ‘ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ సిక్స్ ఇయర్స్’ అని దిద్దుకున్నాను. ‘‘అయితే ఎప్పుడు మానేశారు?’’ అన్నాడు. మానలేదండీ అన్నాను. ‘‘మానేశానని ఇప్పుడే చెప్పారుగా!’’ అన్నాడు. ఇక ఏం అడిగినా నాకు నోరు పెగల్లేదు. తప్పు దిద్దడం వేరు, నలుగురిలో వెక్కిరించడం వేరు. పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఆ తేడా తెలియాలి.

అంతకంటే ఎక్కువ కోపం నాకు గ్రామర్ చెప్పిన కోచింగ్ సెంటర్ మీద. ‘నుంచి అని వస్తే సిన్స్’ అని బోర్డు మీద రాసి వదిలేశారు. తెలుగులో 2019 నుంచి అన్నా నుంచే, ఆరేళ్ల నుంచి అన్నా నుంచే. ఇంగ్లీషులో మొదటిది ఎప్పుడు మొదలైందో చెబుతుంది, దానికి సిన్స్. రెండోది ఎంతకాలం గడిచిందో చెబుతుంది, దానికి ఫర్. నాకు నేనుగా కనిపెట్టిన గుర్తు ఒకటుంది, గట్టిగా చెబుతున్నాను: ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ఆరేళ్లుగా, రెండు గంటలుగా అని కుదిరితే ఫర్. ‘సోమవారంగా’ అనలేం కదా, అక్కడ సిన్స్.

మనం ‘చేస్తున్నాను’ అంటాం కాబట్టి ‘యామ్ వర్కింగ్’ అని వచ్చేస్తుంది. ఎప్పుడో మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి ‘హావ్ బీన్ వర్కింగ్’ అనాలి. ‘వర్క్‌డ్ ఫర్ సిక్స్ ఇయర్స్’ అంటే ఆ ఆరేళ్లూ అయిపోయాయని అర్థం. ఆయన అడిగిన ప్రశ్నలో తప్పులేదు, ఆ నవ్వే తప్పు.

గ్రామర్‌లో మిగతావి అంత కష్టపెట్టలేదు. ‘బై ఫ్రైడే ఐ విల్ హావ్ ఫినిష్డ్’ అంటే శుక్రవారానికల్లా ముగించేసి ఉంటాను. ‘హాజ్ గాన్ టు’ అంటే వెళ్లాడు, ఇంకా తిరిగి రాలేదు. ‘హాజ్ బీన్ టు’ అంటే వెళ్లొచ్చాడు.

రెండో ఇంటర్వ్యూలో ఒక మేడమ్ అదే ప్రశ్న అడిగారు. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ దేర్ ఫర్ సిక్స్ ఇయర్స్, సిన్స్ 2019’ అన్నాను. ఆవిడ తలూపి, కాగితం మీద ఏదో రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోయారు.