దోర్నాల బాకీ

శ్రీశైలం వెళ్లి మూడు రోజులు ఉండి వచ్చాను. మల్లన్న దర్శనం, భ్రమరాంబ గుడి, పాతాళగంగ మెట్లు, అన్నీ అయ్యాయి. వాటి గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు, మీలో సగం మంది నాకంటే ఎక్కువసార్లు వెళ్లుంటారు. నాకు మిగిలింది మాత్రం దోర్నాల గేటు ముందు బస్సులో గడిపిన రాత్రి. ఆ పూట మాత్రం ఒళ్లు మండిపోయింది.

విజయవాడ వైపు నుంచి వెళ్లేవాళ్లకి తెలిసిందే, రాత్రి 9 దాటితే నల్లమలలోకి బండ్లని వదలరు. మళ్లీ పొద్దున 6కే. పులుల అడవి కదా. మేం ఎనిమిదికల్లా దోర్నాల దాటాల్సింది. త్రిపురాంతకం దగ్గర వెనక టైరు పోయింది. స్టెప్నీ ఉంది, జాకీ లేదు. జాకీ ఉన్న ఇంకో బస్సు ఆగేసరికి గంటన్నర. నా పక్కసీటులో రిటైరైన తెలుగు మాస్టారు ఒకాయన ఉన్నారు. "శ్రీశైలానికి తూర్పు ద్వారం త్రిపురాంతకమే, స్వామి గుమ్మంలోనే నిలబెట్టాడు" అని ఆయనొక్కరే నవ్వుకున్నారు. గేటు చేరేసరికి తొమ్మిదీ పది. పది నిమిషాలే కదండీ అని బతిమాలితే, గేటు దగ్గరి మనిషి "ఆ మాట పులితో చెప్పండి" అన్నాడు.

"ఏ జన్మలో ఏం పాపం చేశామో, ఇట్టా దార్లో పడ్డాం" అంది వెనక సీటులో పిల్లల తల్లి ఒకావిడ.

"పాపం కాదమ్మా, జాకీ" అన్నాడు డ్రైవరు.

అంతే, మాస్టారికి సందు దొరికింది. కర్మ మూడు రకాలట. పోగుపడి ఉన్నది సంచితం, అమ్ములపొదిలో బాణాల్లాగా. ఇప్పుడు చేస్తున్నది ఆగామి, వింట సంధించిన బాణం. అనుభవానికి వచ్చేసింది ప్రారబ్ధం, వదిలేసిన బాణం. దాన్ని జ్ఞాని కూడా వెనక్కి పిలవలేడు. "ఈ పంక్చరు ప్రారబ్ధం. ఇందాకట్నుంచి మీరు డ్రైవర్ని తిడుతున్నారే, అది ఆగామి." బస్సులో సగం మంది నవ్వారు. డ్రైవరు ఇంకా ఎక్కువ నవ్వాడు.

ఆకలి మీద ఉన్నానేమో, నాకు వాదించాలనిపించింది. అనుభవించకుండా కర్మ కోటి కల్పాలకైనా తరగదంటారు. ఇటు చూస్తే 'శ్రీశైల శిఖరం దృష్ట్వా పునర్జన్మ న విద్యతే' అంటారు, శిఖరేశ్వరం దగ్గర నంది కొమ్ముల మధ్యనుంచి శ్రీశైల శిఖరాన్ని చూస్తే మళ్లీ జన్మ ఉండదని. ఒక్క చూపుతో 84 లక్షల జీవరాశుల ఖాతా ఎలా మూతపడుతుందండీ? కాశీలో అయితే చావాలి, తిరువారూరులో అయితే పుట్టాలి. అరుణాచలాన్ని తలుచుకోవాలి. ఇక్కడ ఊరికే చూస్తే చాలంటే, టికెట్టు మరీ చవగ్గా లేదూ?

"చూడటమంటే కళ్లతో చూడటమేనా అని ముందు ఆలోచించు నాయనా" అని మాస్టారు మఫ్లరు చుట్టుకుని పడుకున్నారు. సమాధానమో, నన్ను వదిలించుకోవడమో తెలీలేదు.

నిజానికి నా గొడవ వేరే. మోకాళ్ల నొప్పులతో అమ్మ రాలేకపోయింది. బయల్దేరేటప్పుడు "నాక్కూడా కలిపి చూసి రారా" అంది, రేషను తెమ్మన్నట్టు. ఒకరి కర్మ ఇంకొకరు అనుభవించలేనప్పుడు ఒకరి చూపు ఇంకొకరికి ఎలా చెల్లుతుంది? అమ్మతో ఇలాంటివి అడగం కదా.

నాలుగింటికి చలికి తట్టుకోలేక కిందికి దిగాను. గేటు పక్కన ఒక బంకు తెరిచారు. టీ 15 రూపాయలు. బొటనవేలంత కప్పు, రెండు గుటకలు. నా జేబులో 500 నోటు ఒక్కటే, ఫోన్లో సిగ్నలు లేదు. టీ మనిషి ఆ నోటు వంక చూసి మొహం తిప్పుకున్నాడు. వినుకొండలో ఎక్కిన అవ్వ ఒకామె అప్పటికే బల్ల మీద కూర్చుని ఉంది. కొంగు ముడి విప్పి నా డబ్బులు కూడా ఇచ్చేసింది.

"తర్వాత ఇస్తా అవ్వా."

"ఇయ్యి. ఎగ్గొట్టబాక. బాకీలుంటే మళ్లా పుట్టాల."

నవ్వుతూనే అంది. కాసేపాగి, "నేను శిఖరం చూడను" అంది. నేనేం అడగలేదు.

ఆమె పెద్దకొడుకు పుట్టినప్పుడు విషజ్వరం వచ్చి పాలు పడలేదట. తోడికోడలు, తన బిడ్డతోపాటు వీడికీ నాలుగు నెలలు పాలిచ్చి సాకింది. ఆ తర్వాత పొలం గట్టు దగ్గర తగాదా వచ్చి ఇద్దరికీ మాటల్లేవు. పదకొండేళ్లు. తోడికోడలు పోయేముందు ఆమె మంచం దగ్గర కూర్చుని ఈ అవ్వ మాటిచ్చింది: వచ్చే జన్మలో నీ కడుపున పుట్టి నీ రుణం తీర్చుకుంటానని. ఆ మాట మనం ఎన్నిసార్లు అనలేదు! ఫీజు కట్టిన మేనమామతో అంటాం, ఉద్యోగం ఇప్పించినవాళ్లతో అంటాం. నేనూ అన్నాను. దాన్ని తారీఖు వేసిన ప్రోనోటులాగా దాచుకున్న మనిషిని చూడటం ఇదే.

"ఏటా వస్తా. మల్లన్నని చూస్తా, అమ్మవారిని చూస్తా. శిఖరం కాడ మాత్రం తల తిప్పుకుంటా."

నా నోరు ఊరుకోదు. "ఆమె శిఖరం చూసేసి ఉంటే? ఆమెకే ఇంకో జన్మ లేకపోతే మీరెవరి కడుపున పుడతారవ్వా?"

అవ్వ కప్పు అడుగున మిగిలిన టీ తాగింది. "మాటలున్న రోజుల్లో ఇద్దరం కలిసే వచ్చాం శివరాత్రికి. దానికి దూరం ఆనదు. కనపడిందన్నది. నందికాడ అందరూ కనపడిందనే అంటారు నాయనా."

ఆరింటికి గేటు తీశారు. ఘాటు మలుపుల పొడవునా మంచే. మాస్టారు మరీ మరీ అడిగితే డ్రైవరు శిఖరం దగ్గర పది నిమిషాలు ఆపాడు. 2,830 అడుగుల ఎత్తట, చలి చెవుల్లోంచి లోపలికి పోతోంది. నువ్వుల పొట్లం 20 రూపాయలు. ఇంట్లో పోపుల డబ్బాలో అడుగున మిగిలేన్ని కూడా లేవు. అమ్మకి కలిపి రెండు తీసుకున్నాను. 500 నోటు అక్కడే మారింది, అదొక్కటే లాభం.

అవ్వ మెట్ల కింద కూర్చుంది, వీపు కొండవైపు పెట్టి. కోతులున్నాయని అందరం చెప్పులు ఆమె ముందే వదిలాం.

పైన వరస. చిన్నప్పుడు నాన్న నన్నెత్తి పట్టుకుని చూపించిన నందే. అప్పుడేం కనపడిందో గుర్తులేదు, నాన్న గడ్డం గుచ్చుకోవడం గుర్తుంది. నువ్వులు పోసి నందిని తిప్పి, వంగి కొమ్ముల మధ్యనుంచి చూశాను. తెలుపు. ఆ తెలుపులో ఎక్కడో ఇంకొంచెం ముదురు తెలుపు. గోపురం కావచ్చు, చెట్టు కావచ్చు.

"కనపడిందా? కనపడిందా?" వెనక జనం.

"ఆ, కనపడింది" అని పక్కకి జరిగాను. రెండో పొట్లం కూడా పోసి అమ్మ పేరు చెప్పి ఇంకోసారి వంగబోతే, వెనకాయన భుజం మీద చెయ్యేశాడు. అప్పటికే కింద బస్సు హారను.

దిగి వచ్చేసరికి అవ్వ నా చెప్పులు కాలితో ముందుకు తోసింది.

"కనపడిందా?"

"మంచవ్వా. ఏం కనపడలా."

"మంచిదే. మళ్లా రావచ్చు."

గుర్తొచ్చి 20 నోటు తీసి ఇచ్చాను. అవ్వ కొంగు ముడి విప్పింది. రూపాయి బిళ్లలు రెండు, కుంకుమ పొట్లం, మడత నోట్లు. అయిదు లేదు.

"ఉంచుకో అవ్వా."

"ఆఁ, ఉంచుకుంటే? ఇప్పుడు నేను నీకు బాకీ."

డ్రైవరు ఇంకోసారి హారను కొట్టాడు. అవ్వ కదల్లేదు. చిల్లరున్న వాళ్లెవరన్నా ఉన్నారేమోనని మెట్లు దిగేవాళ్లని ఒక్కొక్కర్నీ ఆపి అడుగుతోంది.