పాలంలో నాట్ విమానం పక్కన

ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియానికి సోమ, మంగళవారాలు సెలవు. అది చూసుకునే అమ్మా, నేనూ బయలుదేరాం. నాన్న 1971 యుద్ధంలో నాట్ అనే యుద్ధవిమానాల తుపాకులు చూసుకునే ఆర్మరర్.

ఇలాంటి యాత్రకు ముందు ఇంట్లో పెట్టెలు దించి డిశ్చార్జి బుక్కు, పతకాలు తీయాలి. ఆ పతకాల్లో పశ్చిమీ స్టార్ ఉంటే పడమటి సరిహద్దు వైపు, పూర్వీ స్టార్ ఉంటే బంగ్లాదేశ్ వైపు పనిచేసినట్టు. సంగ్రామ్ మెడల్‌ను బట్టి చోటు చెప్పలేం, అది రెండు వైపులవాళ్ళకీ ఇచ్చారు. గుండ్రటి పతకాల అంచున సర్వీసు నంబరు, పేరు చెక్కి ఉంటాయి. బ్రాసో పెట్టి తోమితే ఆ అక్షరాలు అరిగిపోతాయి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

నాట్‌ను చూడగానే ఎవరైనా అనేది ‘ఇంత చిన్నదా!’ అనే. ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు 6.7 మీటర్లే. అందరూ కాక్‌పిట్ దగ్గర గుమిగూడతారు. ఆర్మరర్ పిల్లలు మాత్రం ఇంజన్‌కు గాలి పోయే నోళ్ళ పక్కన నిలబడాలి. ఆ గోడల్లోనే చెరో 30 మిల్లీమీటర్ల ఏడెన్ తుపాకి ఉంటుంది. ఒక్కోదానికి 115 తూటాలు. నిమిషానికి 1,200కు పైగా పేల్చే తుపాకి కాబట్టి మీట నొక్కిపడితే ఐదారు సెకన్లలో బెల్టు ఖాళీ. నాట్‌కున్న పెద్ద బెడద ఈ తుపాకులు మధ్యలో పట్టేయడం. విమానం గట్టిగా మలుపు తిరిగితే తూటాల బెల్టు బరువు కొన్ని రెట్లవుతుంది. ఒక్క తూటా లింకులో, అంటే బెల్టులో దాన్ని పట్టి ఉంచే కొక్కెంలో, వంకరగా కూర్చున్నా అక్కడే బిగుసుకుంటుంది, ఆకాశంలో విప్పి సరిచేసే దారి లేదు. అందుకే నేలమీద ప్రతి లింకునూ వేలితో తడిమి చూడాలి. నాన్న యుద్ధమంటే ఇదే. ఇది చిన్న పని అని నేను ఒప్పుకోను.

పని ముగిశాక పనిముట్లు లెక్కపెట్టడం మరో నియమం. మరిచిన స్క్రూడ్రైవర్ కంట్రోల్ రాడ్ల మధ్య ఇరుక్కుంటే విమానం పైలట్ మాట వినదు. లెక్క తేలేదాకా విమానం ఎగరదు. ఇంట్లో ఫ్యాను బాగుచేసినా నాన్న పానాలు లెక్కపెట్టి గానీ స్విచ్చి వేయనిచ్చేవారు కాదు. బదిలీ వచ్చినప్పుడల్లా ట్రంకుపెట్టెల మూతల మీద సామాను జాబితా అంటించేవారు. అమ్మ ఇప్పటికీ అలాగే చేస్తుంది.

తర్వాత ఇండియా గేట్ దగ్గరి జాతీయ యుద్ధ స్మారకానికి వెళ్ళాం. 1971 డిసెంబర్ 14న శ్రీనగర్ మీద పాకిస్తాన్ సేబర్ యుద్ధవిమానాలు దాడి చేస్తుంటే నాట్‌లో పైకి లేచి పోరాడి అమరుడైన నిర్మల్‌జీత్ సింగ్ సేఖోన్ ప్రతిమ అక్కడ ఉంది. వైమానిక దళంలో పరమవీర చక్ర ఆయనొక్కరికే దక్కింది. ఆ స్మారకంలోని త్యాగ చక్రం అనే వలయం గోడల గ్రానైట్ ఇటుకల మీద ఉన్నవి ప్రాణాలిచ్చినవారి పేర్లు. తిరిగొచ్చి, సంసారాలు సాగించి, పింఛన్ తీసుకున్నవారి పేర్లు అక్కడ వెతకకూడదు. వాళ్ళ చరిత్ర ఇంట్లోని కాగితాల్లో, స్క్వాడ్రన్ ఫొటోల్లో ఉంటుంది. ఫొటోలో ఉన్నవాళ్ళను గుర్తుపట్టే పెద్దలు ఉండగానే వెనకవైపు పేర్లు మెత్తని పెన్సిల్‌తో రాయించుకోవాలి. బాల్‌పెన్‌తో రాస్తే ముందువైపు మొహాల మీద నొక్కులు పడతాయి.