శిక్ష తక్కువైందని బాధితులు ఎందుకు అప్పీలు వేయకూడదు?

నేరం రుజువైంది, ముద్దాయికి శిక్ష కూడా పడింది, కానీ ఆ శిక్ష ఎంతో విన్నాక చనిపోయిన మనిషి ఇంట్లోవాళ్ళకి నోట మాట రాలేదు. అప్పుడు వాళ్ళేం చేయాలి? "పై కోర్టుకి వెళ్ళండి" అని అందరూ సులువుగా అనేస్తారు, ఎవరు వెళ్ళాలో మాత్రం చెప్పరు. శిక్ష చాలలేదని అప్పీలు వేసే హక్కు మన చట్టంలో ప్రభుత్వానికి ఉంది, బాధితులకు లేదు. ఇది చాలా పెద్ద అన్యాయం అని నా అభిప్రాయం.

మా వీధిలో ఉండే ఒక అక్క భర్త విశాఖపట్నం హనుమంతవాక దగ్గర హైవే దాటుతుంటే కారు గుద్ది చనిపోయారు. నిర్లక్ష్యంతో ఒకరి చావుకి కారణమైతే పెట్టే ఐపీసీ (పాత శిక్షాస్మృతి) 304-ఏ సెక్షన్ కింద కేసు పెట్టారు. ఏళ్ళ తరబడి వాయిదాలు, సాక్షులు ఒకసారి వస్తే ఇంకోసారి రారు, పాపం ఆవిడ కూలి పని మానుకుని మరీ ప్రతి వాయిదాకీ వెళ్ళేది. చివరికి నేరం రుజువైందని తీర్పు వచ్చింది. శిక్ష ఏమిటంటే జరిమానా, ఆ రోజు కోర్టు లేచేవరకు అక్కడే కూర్చోవడం. అంతే. "తమ్ముడూ, ఆ జరిమానా డబ్బు ఎవరికెళ్తుంది?" అని అడిగింది. నష్టపరిహారంగా ఇవ్వమని కోర్టు ప్రత్యేకంగా చెప్తే తప్ప ప్రభుత్వానికే వెళ్తుంది అక్కా అని చెప్పాల్సి వచ్చింది.

చట్టం దృష్టిలో ఆ తీర్పు తప్పని కూడా అనలేం. 304-ఏలో గరిష్ఠం రెండేళ్ళు, కనీస శిక్ష అంటూ ఏమీ లేదు, ఒట్టి జరిమానాతో వదిలేసే వీలూ ఉంది. ఐపీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్లో గరిష్ఠాన్ని ఐదేళ్ళకి పెంచారు గానీ కనీసం ఇంత వేయాలని అందులోనూ లేదు. అంటే అంతా ఆ జడ్జిగారి విచక్షణ మీదే. విచక్షణ ఉండాల్సిందే, నేను కాదనను, ఏ రెండు కేసులూ ఒకలా ఉండవు. కానీ అంత విచక్షణ ఇచ్చినప్పుడు దాన్ని పైన ఒకరు సరిచూసే దారి కూడా ఉండాలి కదా.

ఆ దారి ఉంది, కాకపోతే తాళం ప్రభుత్వం చేతిలో ఉంది. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్పీసీలో 377వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 418. మేజిస్ట్రేట్ వేసిన శిక్ష అయితే సెషన్స్ కోర్టుకి, మిగతావి హైకోర్టుకి అప్పీలు వేయమని పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని, అంటే ప్రభుత్వం తరఫు లాయర్ని, ప్రభుత్వం ఆదేశించాలి. ఏ ప్రభుత్వం అనేదానికీ లెక్క ఉంది. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డాక్టర్ మీద జరిగిన హత్యాచారం కేసులో ముద్దాయికి యావజ్జీవం పడితే, అది చాలదని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వమూ సీబీఐ కూడా హైకోర్టుకి వెళ్ళాయి. కేసు నడిపింది సీబీఐ కాబట్టి రాష్ట్రం అప్పీలు చెల్లదని 2025 ఫిబ్రవరిలో హైకోర్టు తేల్చింది.

బాధితుల సంగతి చూడండి. 2009 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణతో వాళ్ళకీ అప్పీలు హక్కు ఇచ్చారు, చాలా మంచి పని. ముద్దాయిని వదిలేస్తే వేయొచ్చు, చిన్న నేరం కిందికి దించితే వేయొచ్చు, పరిహారం తక్కువైతే వేయొచ్చు. శిక్ష తక్కువైతే మాత్రం లేదు! కొడుకుని పోగొట్టుకున్న ఒక తండ్రి ఇదే విషయం మీద సుప్రీంకోర్టు దాకా వెళ్తే, 2020లో పర్విందర్ కన్సల్ కేసులో కోర్టు చట్టంలో లేని హక్కు ఇవ్వలేమంది. కోర్టుని తప్పుపట్టి లాభం లేదు, పార్లమెంటు రాసిందే అలా ఉంది.

ప్రభుత్వం ఎలాగూ వేస్తుంది కదా అంటారు కొందరు. పేరు మోగిన కేసుల్లో వేస్తుంది. పంజాబ్‌లో ఇద్దరి ప్రాణాలు తీసిన డ్రైవర్‌కి కింది కోర్టు ఏడాది జైలు వేస్తే, హైకోర్టు దాన్ని అప్పటికే లోపల గడిపిన 24 రోజులకి తగ్గించింది, రాష్ట్రం సుప్రీంకోర్టుకి వెళ్ళాకే 2015లో అది ఆరు నెలలైంది. ముంబై కార్టర్ రోడ్డులో 2006లో పేవ్‌మెంట్ మీద నిద్రపోతున్న కూలీల మీదికి కారు దూసుకెళ్ళి ఏడుగురు చనిపోయారు, ఆరు నెలల శిక్ష పడింది, అక్కడ హైకోర్టే తనంతట తాను కదిలి మూడేళ్ళ దాకా తీసుకెళ్ళింది. హనుమంతవాకలో చనిపోయిన ఒక మామూలు మనిషి కోసం ఎవరు కదులుతారు? ఫైలు మీద "అప్పీలు అవసరం లేదు" అని ఒక్క ముక్క రాసేస్తే అయిపోతుంది, ఎందుకు అవసరం లేదో ఆ ఇంటివాళ్ళకి చెప్పేవాళ్ళే ఉండరు.

బాధితులకి హక్కు ఇస్తే అది పగ తీర్చుకోవడం అవుతుందన్న వాదన నాకు అస్సలు నచ్చదు. శిక్ష పెంచాలో వద్దో నిర్ణయించేది జడ్జిగారే, బాధితులు కాదు. పైగా అలాంటి అప్పీల్లో ముద్దాయి మాట వినకుండా శిక్ష పెంచడానికి వీల్లేదు, తనని పూర్తిగా విడుదల చేయమని కూడా అతను అందులోనే వాదించుకోవచ్చు. ఆ రక్షణ ఉండాలి, అలాగే ఉంచి ఈ హక్కు ఇవ్వమనే నేను అడుగుతున్నాను. ఇంగ్లండ్, వేల్స్‌లో అయితే కొన్ని తీవ్రమైన నేరాల్లో శిక్ష మరీ తక్కువైందని ఎవరైనా సరే అక్కడి ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్‌కి రాయొచ్చు.

చట్టం మారేదాకా ఇలాంటి పరిస్థితి వచ్చినవాళ్ళు ఆలస్యం మాత్రం చేయకండి. ప్రభుత్వం అప్పీలు వేయడానికి గడువు సెషన్స్ కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 60. తీర్పు వచ్చిన రోజే సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి, కేసు నడిపిన ఏపీపీ (అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారికీ కలెక్టర్‌కీ అప్పీలు వేయమని రాతపూర్వకంగా ఇచ్చి అందినట్టు స్టాంపు వేయించుకోండి. నోటి మాటగా అడిగితే రేపు ఆధారం ఉండదు. ప్రభుత్వం కదలకపోతే కింది కోర్టు తీర్పుని సరిచూడమని పై కోర్టుని అడిగే రివిజన్ పిటిషన్ అనే ఇంకో దారి ఉంది, దానికి గడువు 90 రోజులు, శిక్ష పెంచే అధికారం అందులోనూ కోర్టుకి ఉంది. అప్పీలులా హక్కుగా దొరికేది కాదు, వినడం వినకపోవడం కోర్టు ఇష్టం. లాయరు ఫీజు ఇచ్చుకోలేని వాళ్ళు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ ఉచితంగా లాయర్ని ఇస్తారు. మా అక్క ఇప్పుడు ఆ కాగితాల పని మీదే తిరుగుతోంది.