కుక్కర్ విజిల్‌కీ ఉలిక్కిపాటే

నిన్న రాత్రి కూడా రెండింటికే మెలకువ వచ్చేసింది. మూడు వారాల క్రితం నా డ్యూటీలో ఒకమ్మాయికి కాన్పు అయ్యాక రక్తం ఆగలేదు, రక్తం ఆగడానికి ఇచ్చే మందు ఆక్సిటోసిన్ 10 యూనిట్లు అప్పటికే ఇచ్చేశాం, నేను పొట్ట మీద నుంచి గర్భసంచిని మర్దన చేస్తూనే ఉన్నాను, తనేమో "అక్కా, పాప ఏడ్చిందా?" అని అదే మాట అడుగుతోంది. బతికింది, పాపని ఎత్తుకుని ఇంటికెళ్లింది కూడా. మరి నాకేమైంది? కుక్కర్ విజిల్ వేసినా మానిటర్ మోగినట్టు ఉలిక్కిపడుతున్నాను. సెకండరీ ట్రామాటిక్ స్ట్రెస్ అంటారట, దెబ్బ వేరేవాళ్లకి, దగ్గరుండి చూసినందుకు నొప్పి మనకి. కాన్పులు చెయ్యడం నేర్పే 18 నెలల మిడ్‌వైఫరీ ట్రైనింగ్‌లో రక్తం 500 మి.లీ. దాటితే ఏం చెయ్యాలో కంఠతా పట్టించారు, చేతులు కడుక్కుని ఇంటికొచ్చాక ఏం చెయ్యాలో చెప్పలేదు (మా ఆయన "సెలవు పెట్టు" అంటాడు, అదొక్కటే తెలుసు ఆయనకి). ఇవాళ టీ తాగుతూ తోటి సిస్టర్‌కి చెప్పా. కప్పు కింద పెట్టి, "నాకు రెండేళ్ల నుంచి" అంది.