గొంతులో చేప ముల్లు: ఆ అన్నం ముద్ద మింగకండి

పులస పులుసు తింటుంటే గొంతులో చురుక్కుమందనుకోండి. పక్కనున్నవాళ్లు వెంటనే ఇచ్చే సలహా: "పెద్ద ముద్ద పెట్టుకుని నమలకుండా మింగెయ్!" కొందరు అరటిపండు అందిస్తారు. రెండూ వద్దు.

పులస కండలో సన్నటి ముళ్లు బోలెడు, కొన్ని కొసన రెండుగా చీలి ఉంటాయి. టాన్సిల్‌కో నాలుక మొదట్లోనో గుచ్చుకున్న ముల్లును ఈఎన్‌టీ డాక్టరు చాలాసార్లు లైటు వేసి, పట్టకారుతో నిమిషాల్లో తీసేస్తారు. ముద్ద తోసిందంటే అదే ముల్లు కండలోకి దిగిపోవచ్చు, లేదా జారి అన్నవాహిక మొదట్లో అడ్డం పడవచ్చు. అప్పుడిక అన్నవాహికలోకి కెమెరా గొట్టం దింపి తీసే ఎండోస్కోపీయే. పైగా కడుపు నిండా అన్నం ఉంటే మత్తు ఇవ్వడమూ ప్రమాదమే. నిమ్మరసం, వెనిగర్ ముల్లును కరిగిస్తాయన్నది ఉత్తమాట. గొంతులో అవి నిలిచేది క్షణమే.

తినడం ఆపి నోట్లోది ఊసేయండి. వేలు పెట్టి కెలకొద్దు, వాంతి చేసుకోవద్దు. నొప్పి ఏ పక్క, ఏ ఎత్తున ఉందో గుర్తుపెట్టుకుని డాక్టరుకు వేలితో చూపించండి, వెతకడం తేలికవుతుంది. నోట్లోంచి కనిపించకపోతే ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపి చూస్తారు.

ఎక్స్‌రేలో ఏమీ లేదన్నంత మాత్రాన ముల్లు లేనట్టు కాదు. చేప ముళ్లు చాలావరకు అందులో పడవు, సీటీ స్కాన్ నయం. ఎక్స్‌రేలో తెల్లగా కనిపించే బేరియం ద్రవం తాగించే పరీక్ష వద్దు. అది పూతలా అంటుకుని ఎండోస్కోపీలో ముల్లును కప్పేస్తుంది.

అన్నవాహికలో పదునైనది ఇరుక్కుంటే వీలైతే 2 గంటల్లో, ఆలస్యమైనా 6 గంటల్లోపు తీయాలని యూరప్ ఎండోస్కోపీ మార్గదర్శకాలు చెబుతాయి. గోడకు చిల్లు పడితే ఛాతీలో గుండె చుట్టుపక్కల చీము పడుతుంది. అరుదుగా ముల్లు పక్కనే ఉన్న బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) దాకా వెళ్తుంది.

ముల్లు పోయాక కూడా గీసుకున్న చోట ఒకటి రెండు రోజులు గుచ్చుతున్నట్టే ఉంటుంది. అది రోజురోజుకీ తగ్గాలి. పెరుగుతున్నా, జ్వరం వచ్చినా మళ్లీ చూపించుకోవాలి. ఊపిరాడకపోయినా, ఉమ్మి మింగలేక కారిపోతున్నా, రక్తం పడినా, మెడ వాచినా, ఛాతీలో నొప్పి మొదలైనా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.