4.5 నుంచి 3.3కి

మే 19, రాత్రి పది దాటింది

ఇవాళ మా సీపీయూకి తమ్ముడు కంపెనీ లెక్కకి మించి పెట్టిన వేగం తీసేశాను. చెయ్యి రాలేదు కాసేపు.

2012లో వాడు బీటెక్ చదువుతూ రూపాయి రూపాయి కూడబెట్టి కొనుక్కున్న మిషను. లోపల ఇంటెల్ ఐ5-2500కె ప్రాసెసర్. ఆ చివరి ‘కె’ కోసమే వాడి తపనంతా, ఆ అక్షరం ఉన్నవాటికి మల్టిప్లయర్ మీద, అంటే వేగాన్ని తేల్చే గుణకం మీద, తాళం ఉండదు మరి. కంపెనీ లెక్క 3.3 గిగాహెర్ట్జ్, టర్బోలో, అంటే పని ఎక్కువైనప్పుడు తనంతట తను పెంచుకుంటే, 3.7. వాడు మూడు రాత్రులు మేలుకొని 4.5కి తెచ్చాడు. మంచినీళ్లకి లేచి చూస్తే తెర మీద ప్రాసెసర్‌ని గట్టిగా పరీక్షించే ప్రైమ్95 తిరుగుతుండేది, వీడు మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని ఉష్ణోగ్రత అంకెలు చూస్తుండేవాడు. ఉద్యోగానికి పుణె వెళ్తూ నాకిచ్చేశాడు. అప్పట్నుంచి నా డీటీపీ పనంతా దీని మీదే.

ఈ నెల మొదటి వారం నుంచి మొరాయిస్తోంది. మధ్యాహ్నం రెండింటికి గదిలో గాలి కూడా వేడెక్కిపోతుంది, సరిగ్గా అప్పుడే నీలం తెర వచ్చి ఆగిపోయేది. ఆగిపోవడం కన్నా నన్ను భయపెట్టింది వేరే ఉంది. శుక్రవారం ప్రెస్సుకి పంపిన జిప్ ఫైలు అక్కడ తెరుచుకోలేదు. మళ్లీ చేసి పంపితే తెరుచుకుంది. ఇంకోసారి పీడీఎఫ్‌లో 43వ పేజీ బొమ్మ సగానికి చారలు. మూలం ఫైలులో ఆ బొమ్మ శుభ్రంగా ఉంది. ఒక మాష్టారు ఏళ్ల తరబడి రాసుకున్న పద్యాల వ్యాఖ్యానం అది. అక్షరదోషమైతే ప్రూఫులో నా కంటికి దొరుకుతుంది. మిషనే తప్పు లెక్క వేసి చప్పుడు చేయకుండా రాసేస్తే ఎలా పట్టుకోను?

పొద్దున తమ్ముడికి ఫోన్ చేశాను. విండోస్ తప్పులు రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి ‘వీయా లాగర్’ అని ఉన్నవి, అంటే హార్డ్‌వేర్ తప్పులు, లెక్కపెట్టమన్నాడు. వారంలో 17.

“అక్కా, దానికి వయసైపోయింది. ఒకప్పుడు సరిపోయిన వోల్టేజీ ఇప్పుడు చాలట్లేదు. ఇంకా పెంచితే వేడెక్కి ఇంకా త్వరగా పోతుంది. డిఫాల్ట్‌కి తెచ్చెయ్” అన్నాడు. వేగంతో పాటు వేడి పెరుగుతుంది, వోల్టేజీతో అయితే దాని వర్గం లెక్కన పెరుగుతుందట. అంటే వోల్టేజీ పదోవంతు పెంచితే అదొక్కటే అయిదోవంతు పైచిలుకు వేడి. ఈ ఎండల్లో పదమూడేళ్ల ఫ్యాను ఎంతని లాగుతుంది?

కరెంటు తీసి పక్క రేకు విప్పాను. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము దూదిలా అట్టకట్టి ఉంది. పెయింట్ బ్రష్‌తో దులిపాను, దానికీ ప్రాసెసర్‌కీ మధ్య ఎండిపోయిన పేస్టు తుడిచి కొత్తది పెట్టాను. విప్పిన పక్క రేకు లోపలివైపు తమ్ముడు అంటించిన చీటీ ఇంకా అలాగే ఉంది: “45 x 100, 1.35, ముట్టుకోవద్దు.” గుణకం 45, దాన్ని 100 మెగాహెర్ట్జ్‌తో హెచ్చిస్తే 4.5 గిగాహెర్ట్జ్; 1.35 వోల్టేజీ. టేపు పసుపెక్కింది కానీ అక్షరాలు చెదరలేదు. దాన్ని తీయలేదు.

విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగులు, అదే బయోస్‌లోకి వెళ్లి ముందు ప్రతి పేజీ ఫోన్లో ఫొటో తీసుకున్నాను. తర్వాత ఎఫ్5, లోడ్ డిఫాల్ట్స్. ఎఫ్10, సేవ్.

విండోస్ రాలేదు. ‘ఇనాక్సెసబుల్ బూట్ డివైస్’, విండోస్ ఉన్న డిస్కు అందట్లేదని. కాళ్లు చల్లబడ్డాయి. మాష్టారి ఫైళ్లన్నీ అందులోనే.

“హార్డ్ డిస్క్ పోయిందా ఏంట్రా?”

“ఏం పోలేదక్కా. డిఫాల్ట్ చేస్తే శాటా మోడ్, అంటే డిస్కుతో మాట్లాడే పద్ధతి, పాత ఐడీఈకి మారిపోయుంటుంది. ముందున్న ఏహెచ్‌సీఐ పెట్టు.”

నేను తీసిన ఫొటోల్లో నాలుగోది అదే. మార్చి సేవ్ చేశాను. విండోస్ గుర్తు కనిపించాక గానీ నాకు ఊపిరి ఆడలేదు. ఎవరైనా ఈ పని చేస్తే ఫొటోలు తీయకుండా ఎఫ్5 నొక్కొద్దని గట్టిగా చెప్తాను.

డిఫాల్ట్‌తో ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే ఎక్స్ఎంపీ కూడా ఆగిపోయి ర్యామ్ వేగం 1600 నుంచి 1333కి దిగింది. దాన్ని అలాగే ఉంచాను, ఆ ప్రాసెసర్‌కి ఇంటెల్ చెప్పిన లెక్క అదే కదా.

మధ్యాహ్నం రెండింటికి, అదే ఎండలో, పుస్తకం మొత్తం పీడీఎఫ్ చేశాను. ఇదివరకు రెండు నిమిషాల అయిదు సెకన్లు పట్టేది, ఇవాళ రెండున్నర నిమిషాలు. నిన్న ఇదే పనికి 89 డిగ్రీలు చూపించింది, ఇవాళ 66 దాటలేదు. ఆ అరనిమిషం నాకు లెక్కే కాదు. ఫ్యాను చప్పుడు తగ్గి పక్కింటి కుక్కర్ విజిల్ కూడా వినపడింది.

సాయంత్రం దాకా మూడుసార్లు జిప్ చేసి మూడుసార్లూ విప్పి చూశాను, 43వ పేజీ పెద్దది చేసి మరీ. ఈవెంట్ వ్యూయర్‌లో కొత్తది ఒక్కటీ లేదు. తొమ్మిదింటికి ప్రెస్సుకి పంపాను. “ఓపెన్ అయింది మేడమ్, రేపు ప్లేట్లు వేస్తాం” అని జవాబొచ్చింది. మాష్టారికి ఫోన్ చేసి చెప్పాను.